ముందు పేర్లు ఇవ్వండి: జపాన్, దక్షిణ కొరియా ఎంపీలకు బహిరంగ లేఖ

జపాన్–కొరియా పార్లమెంటేరియన్ల యూనియన్‌లోని రెండు దేశాల సభ్యులకు,

నమస్కారం.

కొరియా జపాన్ ఏలుబడిలో ఉన్నప్పుడు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో జరిగినవాటి మీద మీ రెండు దేశాల మధ్య నడుస్తున్న గొడవలో విశాఖపట్నంలో ఉండే నాకేం పని అని మీకు అనిపించడం సహజం. నేను కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. మీరు వాదించుకుంటున్న ఆ యుద్ధం మా ఊరి దాకా వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. తెలుగువాళ్లకు అంతకన్నా పెద్ద దెబ్బ సముద్రం అవతల తగిలింది. దాని గురించి తర్వాత రాస్తాను.

ఈ లేఖకు ఇంకో కారణం కూడా ఉంది. యుద్ధకాలపు నేరాలను కాదనేవాళ్లు ఒక భారతీయుడి పేరును అడ్డం పెట్టుకుంటున్నారు. టోక్యో యుద్ధ నేరాల విచారణలో మిగతా జడ్జీలతో విభేదించి, నిందితులందరినీ నిర్దోషులన్న రాధాబినోద్ పాల్ గారికి, జపాన్ తరఫున యుద్ధాల్లో చనిపోయినవాళ్లను పూజించే టోక్యోలోని యసుకుని ఆలయంలో 2005లో స్మారకం కట్టారు. దాన్ని చూపించి, ఇండియా జడ్జీయే జపాన్ తప్పు చేయలేదన్నాడని ప్రచారం చేస్తుంటారు. పాల్ గారు అన్నది అది కాదు. నాయకుల మీద పెట్టిన అభియోగాలు చట్టం ముందు నిలవవన్నారు. సైన్యం చేసిన అకృత్యాలకు సాక్ష్యం బలంగా ఉందని అదే తీర్పులో ఒప్పుకున్నారు. ఆయన పేరు ఇలా వాడుతుంటే చరిత్ర చదువుకున్న భారతీయులుగా మేం ఊరుకోకూడదు.

ఇక మీ సంగతి. జపాన్ క్షమాపణ చెప్పలేదని సియోల్‌లో అంటారు. ఇంకెన్నిసార్లు చెప్పాలని టోక్యోలో అంటారు. జపాన్ చెప్పింది. 1993లో జపాన్ ప్రభుత్వం తరఫున కోనో చేసిన ప్రకటన, కొరియా తదితర దేశాల ఆడవాళ్లను ఉంచిన సైనిక వ్యభిచార గృహాల వెనక సైన్యం ప్రమేయాన్ని ఒప్పుకుంది. 1995 ఆగస్టు 15న ప్రధాని మురయామా వలస పాలనకూ, దురాక్రమణకూ క్షమాపణ చెప్పారు. 1998 అక్టోబరులో ప్రధాని ఒబుచి, అధ్యక్షుడు కిమ్ డే-జుంగ్‌తో కలిసి సంతకం చేసిన ప్రకటనలో కొరియా ప్రజలను పేరెత్తి మరీ క్షమాపణ కోరారు. యుద్ధం తర్వాత జపాన్ పట్టిన శాంతి బాటను కిమ్ అదే కాగితం మీద మెచ్చుకున్నారు. ఆ తర్వాతే జపాన్ సినిమాలకూ పాటలకూ కొరియా తలుపులు తెరిచింది. మీ రెండు దేశాలూ కలిసి చేసిన పనుల్లో దానికన్నా మంచి పని నాకు కనిపించలేదు.

అయినా అది నిలవలేదు. 2001 నుంచి 2006 దాకా ప్రధాని కొయిజుమి ఏటా యసుకునికి వెళ్లారు. 1978లో ఆ ఆలయం 14 మంది ప్రధాన యుద్ధ నేరస్థులను కూడా పూజల్లో చేర్చుకుంది. అక్కడ నమోదైన పేర్లలో సుమారు 21 వేలు కొరియన్లవి. జపాన్ సైన్యం తీసుకుపోయి చంపుకున్న పిల్లలవి. మా నాన్న పేరు అక్కణ్నుంచి తీసేయండని కుటుంబాలు కోర్టుకెక్కాయి, ఓడిపోయాయి. ఒక ప్రధాని క్షమాపణ చెప్పి వెళ్తాడు, తర్వాత వచ్చినాయన అక్కడికెళ్లి దణ్ణం పెడతాడు. కొరియాలో ఒక ముసలమ్మ ఈ రెండూ ఒకే టీవీలో చూస్తుంది. ఆవిడ దేన్ని నమ్మాలి?

సమస్య అక్కడితో ఆగదు. మీ ఒప్పందాలన్నీ దెబ్బతిన్నవాళ్లను బయట నిలబెట్టి చేసుకున్నవే. 1965 జూన్ 22 ఒప్పందం చూడండి. జపాన్ కొరియాకు ఇచ్చేది 30 కోట్ల డాలర్లు గ్రాంటు, 20 కోట్ల డాలర్లు అప్పు. పరిహారం సమస్య పూర్తిగా, అంతిమంగా తీరిపోయిందని రాసుకున్నారు. అంతకు ముందు ఏడాది ఆ చర్చలు వద్దంటూ విద్యార్థులు రోడ్డెక్కితే పార్క్ చుంగ్-హీ ప్రభుత్వం సియోల్‌లో మార్షల్ లా పెట్టింది. వచ్చిన డబ్బుతో పోహాంగ్ ఉక్కు ఫ్యాక్టరీ లేచింది, సియోల్–బుసాన్ హైవేకి కొంత వెళ్లింది. దేశం బాగుపడింది, ఆ మాట ఎవరూ కాదనరు. మరి జపాన్ గనిలో చనిపోయినవాడి భార్యకు ఏం దక్కింది? 1975–77 మధ్య 8,552 మంది మృతుల కుటుంబాలకు తలా 3 లక్షల వాన్ (కొరియా కరెన్సీ) ఇచ్చి చేతులు దులుపుకున్నారు. ప్రాణాలతో తిరిగొచ్చినవాళ్లకు అదీ లేదు. ఆ చర్చల ఫైళ్లు కొరియా ప్రజలు చూడటానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ పాపంలో కొరియా ప్రభుత్వాల వాటా కూడా ఉంది, అది మీరు ఒప్పుకోవాలి.

తర్వాతిది 99 యెన్‌ల కథ. 1944లో కొరియా నుంచి పదమూడు, పద్నాలుగేళ్ల ఆడపిల్లలను చదువు చెప్పిస్తామని నగోయాలోని మిత్సుబిషి విమానాల ఫ్యాక్టరీకి తీసుకుపోయారు. చదువు లేదు, జీతం చేతికి రాలేదు. వాళ్లలో యాంగ్ గుమ్-డియోక్ గారు, మరికొందరు ముసలితనంలో, జీతంలోంచి కోసుకున్న పెన్షన్ డబ్బయినా ఇవ్వమని అడిగారు. 2009 డిసెంబరులో జపాన్ ప్రభుత్వం లెక్క తేల్చి ఒక్కొక్కరికి 99 యెన్‌లు చెల్లించింది. ఇది 1940ల నాటి లెక్క. మధ్యలో గడిచిన అరవై అయిదేళ్లకు విలువ ఏమీ కట్టలేదు. టోక్యోలో ఆ డబ్బుకు కాఫీ కూడా రాదు. ఆ లెక్క వేసిన ఉద్యోగి రూల్ ప్రకారమే వేసుంటాడు. ఆ రూల్ మార్చగలిగిన మీరు ఏం చేస్తున్నారన్నదే నా ప్రశ్న.

2015 డిసెంబరు 28న సైనిక లైంగిక బానిసత్వపు బాధితుల విషయంలో రెండు ప్రభుత్వాలూ మరో ఒప్పందం చేసుకున్నాయి. జపాన్ 100 కోట్ల యెన్‌లు ఇస్తుంది, ఇక సమస్య అంతిమంగా, మళ్లీ తిరగదోడటానికి వీల్లేకుండా ముగిసినట్టే అన్నారు. 1991 ఆగస్టు 14న కిమ్ హక్-సున్ గారు తన పేరుతో, తన ముఖంతో జరిగింది బయటపెట్టినప్పుడు మొదలైన కథ ఇది. ఇరవై నాలుగేళ్ల తర్వాత దాన్ని ముగించబోతూ, బతికున్న వాళ్లను ముందుగా అడగలేదు. మర్నాడు విదేశాంగ శాఖ అధికారి వాళ్లు ఉండే చోటికి వెళితే, మాకు ముందే ఎందుకు చెప్పలేదని నిలదీశారు. నిజం చెప్పాలంటే, అప్పటికి ఉన్న 47 మందిలో ఎక్కువమంది తర్వాత ఆ డబ్బు తీసుకున్నారు. తీసుకోనివాళ్ల ఆవేదనా నిజమే, తీసుకున్నవాళ్ల నిర్ణయమూ గౌరవించదగ్గదే. కొత్త ప్రభుత్వం వచ్చి ఆ డబ్బుతో పెట్టిన ఫౌండేషన్‌ను మూసేసింది. ఒప్పందం అటు రద్దూ కాలేదు, ఇటు అమలూ కాలేదు. కొరియాలో నమోదైన 240 మందిలో ఇప్పుడు పదిమంది కూడా మిగల్లేదు.

గాయం ఇలా పచ్చిగా వదిలేస్తే దౌత్యం మీద ఎంత భారం పడుతుందో 2019లో ప్రపంచమంతా చూసింది. 2018 అక్టోబరు 30న కొరియా సుప్రీంకోర్టు యుద్ధకాలంలో బలవంతంగా పని చేయించిన నలుగురు మాజీ కార్మికులకు తలా 10 కోట్ల వాన్ ఇవ్వాలని నిప్పన్ స్టీల్‌ను ఆదేశించింది. 2005లో వేసిన ఆ కేసులో తీర్పు వినడానికి నలుగురిలో ఒక్కరే, 94 ఏళ్ల లీ చున్-సిక్ గారు మిగిలారు. 1965లోనే అన్నీ తీరిపోయాయని టోక్యో మండిపడింది. 2019 జులైలో చిప్‌ల తయారీకి కావాల్సిన మూడు పదార్థాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది: హైడ్రోజన్ ఫ్లోరైడ్, ఫొటోరెసిస్ట్, ఫ్లోరినేటెడ్ పాలీఇమైడ్. భద్రతా కారణాలు అన్నారు, కానీ ఆ వేళ చూసి నమ్మినవాళ్లు తక్కువ. శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్ నిల్వలు లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది. కొరియన్లు జపాన్ సరుకులు కొనడం మానేశారు. ఆ శరదృతువుకి కొరియాకు జపాన్ బీరు ఎగుమతి దాదాపు సున్నాకు పడిపోయింది. ఆగస్టులో సియోల్ ఇంకో మెట్టు ఎక్కి, సైనిక సమాచారం పంచుకునే ఒప్పందం నుంచి తప్పుకుంటానని ప్రకటించింది, నవంబరులో ఆఖరి గంటల్లో వెనక్కి తగ్గింది. ఆ నెలల్లోనే ఉత్తర కొరియా క్షిపణులు వరసగా పరీక్షించింది. నలుగురు కార్మికుల పరిహారం బాకీ మీ రెండు దేశాల రక్షణ వ్యవస్థ దాకా పాకింది.

2023 మార్చిలో అప్పటి కొరియా అధ్యక్షుడు యూన్ దీనికో దారి వెతికారు. జపాన్ కంపెనీలు ఇవ్వాల్సింది కొరియాలోని మరో ఫౌండేషనే ఇస్తుందన్నారు. అందులో పోస్కో, అంటే ఆ పోహాంగ్ ఉక్కు కంపెనీ, వేసిన వాటా 400 కోట్ల వాన్. 1965 డబ్బుతో లేచిన కంపెనీ అరవై ఏళ్లకు దగ్గరపడ్డాక బాకీలో కొంత తీర్చింది కాబట్టి నేను దాన్ని తప్పుపట్టను. శిఖరాగ్ర సమావేశాలు మళ్లీ మొదలయ్యాయి, ఆంక్షలు పోయాయి. అసలు బాకీపడ్డ కంపెనీలు మాత్రం ఫౌండేషన్‌లో ఒక్క యెన్ వేయకుండా పక్కన నిలబడ్డాయి. ఆ వెలితి పూడకపోతే రేపు ఇంకో తీర్పు, ఇంకో ఎన్నిక వస్తే చాలు, కథ మళ్లీ మొదటికే వస్తుంది.

కొరియా సభ్యులకు కూడా కఠినంగా ఒక మాట చెప్పాలి. చరిత్రను ఎన్నికల సరుకు చేసింది మీ నాయకులే. 2012 ఆగస్టులో పదవీకాలం చివర్లో అధ్యక్షుడు లీ మ్యుంగ్-బాక్ హెలికాప్టర్‌లో, రెండు దేశాలూ తమదనే దోక్దో దీవికి వెళ్లి దిగారు. ఆ ప్రయాణంతో ఏ బాధితురాలికి ఏం ఒరిగింది? బాధితుల కోసం నడిచిన ఉద్యమానికి నాయకత్వం వహించి ఎంపీ అయిన వ్యక్తికి ఆ ఉద్యమపు నిధుల కేసులోనే శిక్ష ఖరారైంది. ఆ ఉద్యమం చేసిన గొప్ప పని దీనితో చెరిగిపోదు. కానీ బాధితుల పేరు మీద మాట్లాడేవాళ్లకూ లెక్క అప్పజెప్పే బాధ్యత ఉంటుంది. ప్రొఫెసర్లు రాసింది నచ్చకపోతే జవాబు రాయండి, క్రిమినల్ కేసులు పెట్టకండి.

2024 నవంబరులో జపాన్‌లోని సాడో దీవిలో జరిగింది తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఆ బంగారు గనిలో యుద్ధకాలంలో 1,500 మంది దాకా కొరియన్ల చేత పని చేయించారు. యునెస్కో వారసత్వ గుర్తింపుకు కొరియా ఒప్పుకున్నప్పుడు, ఏటా సంస్మరణ సభ జరపాలన్నది మాట. మొదటి సభకు టోక్యో పంపిన ఉపమంత్రి 2022లో యసుకునికి వెళ్లారన్న పాత వార్త బయటికొచ్చింది. కొరియా సభను బహిష్కరించింది. మర్నాడు కుటుంబాలను తీసుకెళ్లి వేరుగా జరుపుకుంది. అదే సమయానికి ఆ వార్త తప్పని, ఆవిడ వెళ్లలేదని క్యోడో వార్తాసంస్థ సవరించుకుని క్షమాపణ చెప్పింది. పోయిన సభ తిరిగి రాలేదు. ఒక్క ఫోన్ కాల్‌తో తేలాల్సిన విషయాన్ని ఇంత దాకా తెచ్చింది ఆ వార్త కాదు, ఇన్నేళ్ల అపనమ్మకం.

ఈ అపనమ్మకం తగ్గాలంటే ఇంకో క్షమాపణ ప్రకటన, ఇంకో అంతిమ ఒప్పందం అక్కర్లేదని నా నమ్మకం. కళ్లతో చూడగలిగినవి కావాలి: పేర్లు, కాగితాలు, ఎముకలు. ఇవి వచ్చిన చోటల్లా గొడవ కాస్త చల్లబడింది. 2008–2010 మధ్య టోక్యోలోని యూతెన్‌జీ ఆలయం నుంచి 423 మంది కొరియా సైనికుల, సైనిక ఉద్యోగుల అస్థికలు వాళ్ల దేశానికి వెళ్లాయి. గనుల్లో, ఫ్యాక్టరీల్లో చనిపోయిన కార్మికుల అస్థికలకు మాత్రం అలాంటి ఏర్పాటు ఇంకా లేదు.

ఉకిషిమా మారు సంగతి తీసుకోండి. 1945 ఆగస్టు 24న, యుద్ధం ముగిసి పదిరోజులు కూడా కాకముందే, కొరియన్లను ఇళ్లకు చేరుస్తున్న ఆ నౌక మైజురు అఖాతంలో పేలి మునిగిపోయింది. అధికారిక లెక్క ప్రకారమే 524 మంది కొరియన్లు, 25 మంది జపాన్ నావికులు పోయారు. ప్రయాణికుల జాబితా నౌకతో పాటే పోయిందని జపాన్ ప్రభుత్వం దశాబ్దాల పాటు చెప్పింది. 2024లో ఒక జర్నలిస్టు సమాచార హక్కు కింద అడిగితే జాబితాలు బయటపడ్డాయి! ఆ ఏడాది సెప్టెంబరులో కొన్ని కొరియాకు అందాయి. నౌక మునిగిననాడు పుట్టిన పిల్లలకు అప్పటికి డెబ్బై తొమ్మిదేళ్లు. తండ్రి పేరు జాబితాలో ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక మనిషి తన ఆయుష్షంతా ఎదురుచూడాలా? మిగతా అల్మారాల్లో ఇంకేమున్నాయో వెతకమని ఆదేశించే అధికారం మీకుంది.

ఇప్పుడు ఈ లేఖలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన చోటికి వస్తాను. యమగుచి రాష్ట్రం ఉబె పట్టణం ఒడ్డున సముద్రంలో రెండు కాంక్రీటు గొట్టాలు నీళ్లలోంచి పైకి నిలబడి ఉంటాయి. సముద్రం అడుగున తవ్విన చోసేయ్ బొగ్గు గనికి గాలి అందించిన గొట్టాలవి. 1942 ఫిబ్రవరి 3 ఉదయం గని పైకప్పు కూలి సముద్రం లోపలికొచ్చింది. 183 మంది చనిపోయారు. వాళ్లలో 136 మంది కొరియన్లు, 47 మంది జపనీయులు. శవాలు పైకి తీయకుండానే గని నోరు మూసేశారు.

1991లో ఆ ఊరి జపనీయులే కొందరు ఒక సంఘం పెట్టారు. చనిపోయినవాళ్ల పేర్లు పోగుచేశారు, పాత చిరునామాలకు కొరియాకు ఉత్తరాలు రాశారు, కుటుంబాలను పిలిపించి సంస్మరణలు జరిపారు, 2013లో స్మారకం కట్టారు. ఎముకలు తీయమని ప్రభుత్వాన్ని అడిగితే అవి ఎక్కడున్నాయో తెలియదు, లోపల ప్రమాదం అన్న జవాబే వచ్చింది. చివరికి జనం దగ్గర చందాలు పోగుచేసి 2024 సెప్టెంబరులో మట్టి తవ్వి గని నోరు తెరిచారు. 2025 ఆగస్టులో గజ ఈతగాళ్లు చిమ్మచీకటి నీళ్లలోకి దిగి పుర్రెనూ, ఎముకలనూ పైకి తెచ్చారు. అవి మనిషివేనని పోలీసులు తేల్చారు.

అవి కొరియన్‌వో జపనీయుడివో చూస్తే తెలియదు. వాటి కోసం నీళ్లలోకి దిగినవాళ్లు అది చూసి దిగలేదు. రెండు విదేశాంగ శాఖలు ఎనభై ఏళ్లలో చేయలేని పని, ఊరివాళ్లు చందాలతో చేశారు. ఆ సంఘంలోవాళ్లు ముసలివాళ్లవుతున్నారు. వాళ్ల ఓపిక అయిపోయేలోపు ఈ పని మీరు భుజానికెత్తుకోవాలి.

మొదట్లో చెప్పిన మా దెబ్బ ఇది. మా తాతగారి తమ్ముడు కంగాణీ (కూలీలను కుదిర్చే మేస్త్రీ) మాట నమ్మి శ్రీకాకుళం వైపు పల్లె నుంచి మలయా (ఇప్పటి మలేషియా) రబ్బరు తోటలకు వెళ్లాడు. జపాన్ సైన్యం మలయాను పట్టుకున్నాక తోటల్లోని కూలీలను లారీలెక్కించి సయాం–బర్మా (ఇప్పటి థాయిలాండ్–మయన్మార్) రైలు దారి పనికి తోలారు. తమిళులు ఎక్కువ, తెలుగువాళ్లూ ఉన్నారు. 415 కిలోమీటర్ల ఆ దారి 1943 అక్టోబరుకు పూర్తయింది. కలరాతో, ఆకలితో, దెబ్బలతో పోయిన ఆసియా కూలీలు దాదాపు 90 వేలమంది అని అంచనా. అక్కడ చనిపోయిన మిత్రరాజ్యాల సైనికులకు కాంచనబురిలో పేర్లు చెక్కిన సమాధులున్నాయి. మా తాత తమ్ముడి పేరు ఏ రాతి మీదా లేదు. మా ఇంట్లో ఆయన తద్దినం ఏ రోజు పెట్టాలో ఎవరికీ తెలియలేదు.

ఆ రైలు దారి మీద మీరిద్దరూ కూడా ఉన్నారు. ఆజ్ఞలు జపాన్ అధికారులవి. తుపాకీ పట్టుకుని యుద్ధ ఖైదీలకు కాపలా కాసిన వాళ్లలో చాలామంది కొరియా కుర్రాళ్లు. యుద్ధం తర్వాత 148 మంది కొరియన్లకు యుద్ధ నేరాల కింద శిక్షలు పడ్డాయి, 23 మందిని ఉరితీశారు. 1952లో జపాన్ వాళ్ల పౌరసత్వం తీసేసి, మాజీ సైనికులకు ఇచ్చే పెన్షన్లు ఎగ్గొట్టింది. శిక్ష మాత్రం జపాన్ పౌరులుగా చేసిన నేరానికంటూ కొనసాగించింది. ఆ దారి మీద కాపలాదారుగా పనిచేసి మరణశిక్ష పడి, అది తగ్గి బయటపడ్డ లీ హక్-రే గారు జీవితమంతా టోక్యోలో ఒక చట్టం కోసం తిరిగారు. 2021 మార్చిలో 96 ఏళ్ల వయసులో పోయారు. ఆయన అడిగిన చట్టం జపాన్ పార్లమెంటు చేయలేదు. ఆయన తోటివాళ్లు కొట్టిన దెబ్బలు తిన్నవాళ్ల తరఫున కూడా నేను ఆ చట్టం కావాలనే అడుగుతున్నాను.

మీవాళ్లు కలిసి తలవంచగలరని 2023 మేలో హిరోషిమాలో చూశాం. ప్రధాని కిషిద, అధ్యక్షుడు యూన్ పక్కపక్కన నిలబడి అణుబాంబుకు బలైన కొరియన్ల స్మారకానికి పూలు పెట్టారు. 1970లో పార్కు బయట కట్టిన ఆ స్మారకం లోపలికి రావడానికి 1999 దాకా పట్టింది. 2024లో 88 లక్షలమంది కొరియన్లు జపాన్ చూసి వచ్చారు. మామూలు జనం ఇరుగుపొరుగుల్లా బతుకుతూనే ఉన్నారు.

అందుకే మీ యూనియన్ తర్వాతి ఉమ్మడి సమావేశపు అజెండాలో చోసేయ్ గనిని మొదటి అంశంగా పెట్టండి. తవ్వకానికీ, డీఎన్ఏ పరీక్షలకూ రెండు పార్లమెంట్ల బడ్జెట్ల నుంచి డబ్బు కేటాయించండి. ప్రభుత్వాలు మారినా ఆగకుండా చట్టం చేయండి. ఉకిషిమా జాబితాల్లాంటివి ఇంకేమున్నా వెతికి ఇచ్చేయండి. మీజీ చక్రవర్తి కాలపు గనులకు గుర్తింపు కోరుతూ 2015లో యునెస్కో ముందు జపాన్ ఒక మాట ఒప్పుకుంది: చాలామంది కొరియన్లను వాళ్ల ఇష్టానికి విరుద్ధంగా తెచ్చి, కఠిన పరిస్థితుల్లో బలవంతంగా పని చేయించారని. ఆ మాటను టోక్యోలోని సమాచార కేంద్రం గోడ మీద, సాడోలో, గుంకన్‌జిమా అనే బొగ్గు గని దీవిలో అలాగే రాయించండి. కొరియా సభ్యులారా, బాధితులను, వాళ్ల కుటుంబాలను కూర్చోబెట్టి అడగకుండా ఇకపై ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టనివ్వకండి. వాళ్లు సరేనన్నాక ఏ పార్టీ వచ్చినా దాన్ని తిరగదోడనివ్వకండి.

జపాన్ సభ్యులకు చివరగా ఇంకొక్కటి. సయాం–బర్మా రైలు దారి పని రికార్డులు మీ సైనిక దస్తావేజుల్లో ఎన్ని మిగిలాయో వెతికించి, మలయా తోటల కూలీల పేర్లు దొరికితే వాటిని ఢిల్లీకీ, కౌలాలంపూర్‌కీ కూడా పంపండి. మా దగ్గర ఆ జాబితా చదవడానికి ఇంకా మనుషులున్నారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్,
విశాఖపట్నం